లాప్‌టాప్‌లో కళకళ, సర్వర్‌లో వెలవెల

ప్రశ్న: మా బాబాయి కారం దోశల హోటల్‌కు జాంగోలో (పైథాన్‌తో వెబ్‌సైట్లు కట్టే ఫ్రేమ్‌వర్క్) ఆర్డర్ల సైటు చేశాను. లాప్‌టాప్‌లో రన్‌సర్వర్ (జాంగోతోనే వచ్చే, పరీక్షించుకునే సర్వర్) కొడితే బ్రహ్మాండంగా వస్తుంది. అద్దె సర్వర్‌లో పెట్టి డీబగ్‌ను (తప్పు జరిగితే వివరాలన్నీ పేజీలో చూపించే సెట్టింగ్) ఫాల్స్ చేశాక రంగులు, బొమ్మలు పోయి ఉత్త అక్షరాలు మిగిలాయి. ట్రూ చేస్తే మళ్లీ అన్నీ వస్తున్నాయి. అలాగే వదిలేయొచ్చా?
– ఒక డిగ్రీ విద్యార్థి, కడప

జవాబు: వద్దు. ఆ పని చేసి నేను చేతులు కాల్చుకున్నాను. అనంతపురంలో ఒక విత్తనాల అంగడి సైటుకు ఇదే తిప్పలొస్తే, డీబగ్ ట్రూలోనే ఉంచేశాను. ఒక రాత్రి అంగడాయన ఫోన్: "ఏం సామీ, రైతు ఫోటో పంపినాడు. పైన పసుప్పచ్చ పట్టీ, కిందంతా ఇంగ్లీషు!" అంకె వేయాల్సిన గడిలో ఆ రైతు 'రెండు మూటలు' అని రాశాడు. అంతే, ప్రోగ్రాం ఆగిపోయింది. ఎక్కడ ఆగిందో నాకు చెప్పాల్సిన పేజీ ఆయనకు చెప్పింది. పాస్‌వర్డ్, కీ అనే పేర్లున్న సెట్టింగులను జాంగో చుక్కలు పెట్టి దాస్తుంది. కానీ నా కోడ్ వరుసలు, ఫోల్డర్ల పేర్లు, ఆ క్షణాన వేరియబుల్స్‌లో ఉన్నవన్నీ బయటపెట్టింది. వాటిలో వేరే రైతుల ఫోన్ నంబర్లు కూడా ఉన్నాయి! తెల్లారేదాకా నిద్ర పడితే ఒట్టు.

మీ రంగులు పోవడం తప్పు కాదు. డీబగ్ ట్రూగా ఉన్నంతసేపే రన్‌సర్వర్ సీఎస్ఎస్ ఫైళ్లను (పేజీ రంగులు, అమరిక రాసి ఉండేవి) తానే అందిస్తుంది. ఫాల్స్ చేస్తే ఆ పని మానేస్తుంది. దాన్ని ఎంజిన్‌ఎక్స్ అనే వెబ్ సర్వర్‌కు అప్పజెప్పాలి. స్టాటిక్ రూట్ అనే సెట్టింగులో ఒక ఫోల్డర్ చూపించి, ఆ ఫైళ్లన్నిటినీ అందులో పోగేసే కలెక్ట్‌స్టాటిక్ కమాండ్ కొట్టి, అదే ఫోల్డర్‌ను ఎంజిన్‌ఎక్స్‌లో రాయండి. బాబాయి అప్‌లోడ్ చేసే ఫోటోలు మీడియా ఫోల్డర్‌లోకి పోతాయి. కలెక్ట్‌స్టాటిక్ వాటిని ముట్టదు, దానికి ఎంజిన్‌ఎక్స్‌లో వేరే వరుస కావాలి. చాలామంది ఇక్కడే సగం రోజు పోగొట్టుకుంటారు.

రన్‌సర్వర్‌నూ తీసేయండి. దానికి భద్రతా పరీక్షలు జరగలేదని జాంగో వాళ్లే రాశారు. బదులుగా గునికార్న్ అనే, అసలు వాడకానికి పనికొచ్చే సర్వర్ పెట్టండి. ప్రాసెసర్ కోర్‌ల సంఖ్యను రెట్టింపు చేసి ఒకటి కలిపితే వర్కర్ల (పని పంచుకునే ప్రాసెస్‌ల) లెక్క వస్తుంది, ఒక్క కోర్ సర్వర్‌కు 3 చాలు. సిస్టమ్‌డీ (లైనక్స్‌లో ప్రోగ్రాంలను మొదలుపెట్టి చూసుకునేది) కింద నడిపితే, సర్వర్ రీస్టార్ట్ అయినా అదే లేస్తుంది. విండోస్‌లో గునికార్న్ నడవదు, కాబట్టి లాప్‌టాప్‌లో ప్రయత్నించి టెన్షన్ పడకండి.

ఇంతా చేశాక ఒక్క దోశ బొమ్మే రాకపోతే ఫైలు పేరు చూడండి. విండోస్‌కు పెద్ద 'డి', చిన్న 'డి' ఒకటే. లైనక్స్‌కు కాదు.