కుక్కకు క్లిక్కర్ అంటే భయమైతే ఆ క్లిక్కర్ మనకెందుకు?

దత్తత తెచ్చుకున్న మీ కుక్క క్లిక్కర్ (కుక్కల ట్రైనింగ్‌లో వాడే, నొక్కితే చప్పుడు చేసే చిన్న పరికరం) ‘టక్’మనగానే మంచం కింద దూరుతోందనీ, దానికి ఎలా అలవాటు చేయాలనీ అడిగారు. నన్నడిగితే అలవాటే చేయొద్దు. క్లిక్కర్ తీసి బీరువాలో పడేయండి. అది లేకుండానే ట్రైనింగ్ బ్రహ్మాండంగా సాగుతుంది.

మా కుక్క మల్లి సైనిక్‌పురిలో మా వీధిలోనే పుట్టింది. బరాత్ బ్యాండన్నా, తీన్మార్ డప్పన్నా చిన్నప్పటి నుంచీ దానికి గుండె దడే. దానికి కూర్చోవడం, ఆగడం నేర్పడానికి ఒక ట్రైనర్ వచ్చాడు. మల్లి అతని బూట్లు వాసన చూస్తోంది. అతను దివాన్ మీద కూర్చుని, సరిగ్గా దాని చెవి పక్కనే క్లిక్కర్ నొక్కాడు. చెవులు వెనక్కి వాలిపోయాయి, తోక కాళ్ల మధ్యకు పోయింది, నిలుచున్న చోటే మూత్రం పోసుకుంది. ఒక్క పరుగున వెళ్లి వాషింగ్ మెషీన్‌కీ గోడకీ మధ్య ఇరుక్కుంది. అతను వెనకాలే వెళ్లి అక్కడా టక్ టక్‌మనిపించాడు. “ఏం కాదమ్మా, నాలుగుసార్లు వింటే అదే అలవాటైపోతుంది” అన్నాడు. మా అమ్మ “ఇలా ఇవ్వు బాబూ” అని క్లిక్కర్ తీసుకుని వంటింట్లో పోపు డబ్బాల వెనక పెట్టేసింది. ఆ తర్వాత చాలాకాలం ఇంట్లో ఎవరు జేబులో చెయ్యి పెట్టినా మల్లి లేచి వేరే గదిలోకి వెళ్లిపోయేది.

భయపడే కుక్కను మొండిదనేవాళ్లంటే నాకు ఒళ్లు మండుతుంది. మనిషి చెవికి సుమారు 20,000 హెర్ట్జ్ దాటితే ఏమీ వినపడదు. కుక్కకు 45,000 దాకా వినపడుతుంది. మనకు చిన్న చప్పుడైనంత మాత్రాన దానికీ చిన్నదే కానక్కర్లేదు. దీపావళి సంగతి ఇక చెప్పనే అక్కర్లేదు. రాత్రి 8 నుంచి 10 వరకే కాల్చాలని సుప్రీంకోర్టు 2018లోనే చెప్పింది. మా కాలనీలో అర్ధరాత్రి దాటినా మోత ఆగదు. అడిగితే “పండగండీ” అంటారు.

అసలు క్లిక్కర్ చేసే పని ఒక్కటే: ‘ఇప్పుడు నువ్వు చేసింది సరైనది, తినడానికి వస్తోంది’ అని కుక్కకు ఆ క్షణంలోనే తెలియజేయడం. డాల్ఫిన్లకు ఈ పని విజిల్‌తో చేస్తారు. చెవిటి కుక్కలకు బొటనవేలు పైకెత్తి చూపిస్తారు. మేము మల్లికి “భలే” అనే మాట పెట్టుకున్నాం. మెల్లగా, ఎప్పుడూ ఒకే గొంతుతో అనాలి, అన్న వెంటనే ముక్క నోటికి అందాలి. ముక్కంటే బిస్కెట్ కాదు, ఉప్పూకారం లేకుండా ఉడికించిన చికెన్. ఉల్లి, వెల్లుల్లి పడనివ్వకండి, అవి కుక్కలకు విషం. అమ్మ నేల మీద పక్కకు తిరిగి కూర్చుని “భలే” అనేది, ముక్క విసిరేది. మల్లి మెడ సాచి ముక్క అందుకుని మళ్లీ వెనక్కి పోయేది. రానురాను అమ్మ ఒళ్లోకే వచ్చి కూర్చుంది. కూర్చోవడం, ఆగడం, గేటు తీసినా బయటికి ఉరకకపోవడం, అన్నీ ఆ మాటతోనే నేర్చుకుంది.

లేదండీ, క్లిక్కరే వాడాలంటారా? టవల్‌లో చుట్టండి. ఒకరు వేరే గదిలో ఉండి నొక్కాలి, ఇంకొకరు కుక్క దగ్గరుండి ముక్క పెట్టాలి. ముందు చప్పుడు, వెంటనే ముక్క. వరస తిరగబడితే చికెన్ కనబడగానే చప్పుడు రాబోతోందని భయపడి తిండికే దూరమవుతుంది. ముక్క ముట్టడం లేదంటే చప్పుడు ఇంకా దగ్గరగా ఉందని అర్థం, మరింత దూరం జరగండి. ఊరికే ఆవలించినా, పెదాలు నాకుతున్నా అది టెన్షనే, ఆ పూటకు ఆపేయండి. మునుపు లేని భయం ఉన్నట్టుండి మొదలైతే మాత్రం ముందు పశువుల డాక్టరుకు చూపించండి. ఒంట్లో ఎక్కడైనా నొప్పి ఉన్నా కుక్క చప్పుళ్లకు ఉలిక్కిపడుతుంది.

ట్రైనర్‌ను పెట్టుకునేట్టయితే డబ్బు చేతిలో పెట్టే ముందే అడగండి: “మా కుక్క భయపడితే మీరేం చేస్తారు?” అని. “అదే అలవాటైపోతుంది” అన్నా, మెడ బిగించే చోక్ చైన్ గురించో కరెంటు షాకిచ్చే కాలర్ గురించో ఎత్తినా, టీ ఇచ్చి పంపించేయండి.