స్తూపం కట్టబోయే మేనకోడలికి

చిరంజీవి అమ్మాయికి మామయ్య దీవెనలు.

అమరావతి స్తూపాన్ని వర్చువల్ రియాలిటీలో, కళ్లకు హెడ్‌సెట్ తగిలించుకుని గాలిలో గీస్తూ కట్టబోతున్నావని మీ అమ్మ చెప్పగానే పొంగిపోయాను. మరుక్షణం మీ గదిలోని సీలింగ్ ఫ్యాను గుర్తొచ్చి గుండె గుభేలుమంది. హెడ్‌సెట్ నీ చుట్టూ హద్దు చూపిస్తుందట, మరి నెత్తి మీద? ముందు ఫ్యాను ఆపు. హెడ్‌సెట్ లోపలి కటకాల మీద ఎండ పడితే తెర మాడిపోతుంది. బెజవాడ ఎండ సంగతి నీకు వేరే చెప్పాలా! కళ్లు తిరిగితే తీసెయ్, పంతానికి పోకు.

మా గురువుగారు ఒకసారి గాంధీనగర్‌లో ఓ హీరో కటౌట్ వేశారు. ప్లైవుడ్ నేల మీద పరిచి, గళ్లు కొట్టి, ఫొటోలోని కొలతలే పొల్లుపోకుండా దించారు. అచ్చుగుద్దినట్టుంది ముఖం. తీరా థియేటర్ ముందు నిలబెట్టి, రోడ్డు మీద నుంచి తలెత్తి చూస్తే గడ్డం ఇంత, నుదురు బెత్తెడు! అభిమానులు ఊరుకుంటారా? రాత్రికి రాత్రి పరంజా కట్టించి, పైన ఇంకో పలక కొట్టి నుదురు పెంచాం. రంగు డబ్బాతో నేను పైన, ఎదురుగా కిళ్లీకొట్టు దగ్గర ఆయన: "ఇంకా పైకి! ఇంకా!" తెల్లారేదాకా అవే కేకలు. పాపం, అప్పటి నుంచి ఆయన రోడ్డు మీద నిలబడి చూసి వచ్చాకే బొగ్గుముక్క పట్టేవారు.

నీ చిక్కు ఇంకా పెద్దది. కటౌట్ వెనక్కి ఎవరూ వెళ్లరు. స్తూపం ఉన్నదే చుట్టూ తిరగడానికి. ఇప్పుడక్కడ మిగిలింది దిబ్బ, శిల్పాలు చాలావరకు చెన్నైకి, లండన్‌కి చేరాయి. పలకల మీద చెక్కిన స్తూపం బొమ్మ చూసి వేస్తావేమో, అందులో శిల్పి చూపింది ఒక్క ముఖమే. ఆ ముఖాన వరసగా నిలిచిన అయిదు స్తంభాలున్నాయే, ఆయక స్తంభాలంటారు, అవి నాలుగు దిక్కులా అయిదేసి ఉండాలి. కదలకుండా గీస్తే ఎదుట గుండ్రంగా కనిపించేది పక్కకు జరగగానే అట్టముక్క అయిపోతుంది. నాలుగు గీతలు గీయి, ఒక చుట్టు తిరుగు. పిల్లల ఎత్తుకు వంగి చూడు.

ఫ్లెక్సీలు వచ్చాక నేను వేసినవేవీ మిగల్లేదు, అందుకే ఇది గట్టిగా చెబుతున్నాను. ఇలా గాలిలో బొమ్మలు గీయడానికి గూగుల్ 2016లో తెచ్చిన టిల్ట్ బ్రష్ అనే యాప్‌ను 2021లో వదిలేసింది. కోడ్ అందరికీ ఇచ్చింది కాబట్టి ఓపెన్ బ్రష్‌గా బతికింది. నీ బొమ్మను వేరే యాప్‌లలోనూ తెరుచుకునే జీఎల్‌టీఎఫ్ ఫైలుగా మార్చి, వేరే డిస్కులో దాచు. మీ నాన్నలా రేపు చూద్దాం అనకు తల్లీ.

సగం కట్టినా సరే, ఆదివారం నాకు చూపించు. ఈ మోకాళ్లతో ప్రదక్షిణ కుదరదు, కుర్చీలోంచే తప్పులు పడతాను.

మీ మామయ్య