డాక్టర్ సలహా: రాత్రి పన్నెండు వరకు చదువుతోంది, పరీక్షలో గుర్తు రావడం లేదు

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది నరసన్నపేట దగ్గర పల్లె. మా అమ్మాయి పదో తరగతి చదువుతోంది. తెల్లవారుజామున నాలుగింటికి లేస్తుంది, రాత్రి పన్నెండు వరకు పుస్తకం వదలదు. తొమ్మిదో తరగతి వరకు బడిలో మొదటి ముగ్గురిలో ఉండేది. ఇప్పుడు పరీక్ష పరీక్షకూ మార్కులు తగ్గుతున్నాయి. ఇంట్లో అంతా వచ్చినట్టే ఉంటుంది, పరీక్షలో కూర్చుంటే గుర్తు రావడం లేదని ఏడుస్తోంది. సాయంత్రమైతే తలనొప్పి అంటుంది, మెట్లెక్కితే ఆయాసపడుతోంది. మందుల షాపులో నొప్పి మాత్రలు తెచ్చి వేస్తున్నాం. జ్ఞాపకశక్తి పెరగడానికి మంచి సిరప్ ఏదైనా రాయండి. మా ఆయన పనికోసం చెన్నైలో ఉంటారు. నేను ఏడో తరగతి వరకే చదివాను, పిల్లకు దగ్గర కూర్చుని చెప్పేవాళ్లు లేరు.
– ఒక తల్లి, శ్రీకాకుళం జిల్లా

జవాబు: అమ్మా, సిరప్ రాయడం లేదు. తాగితే జ్ఞాపకశక్తి పెరిగి మార్కులు వచ్చే మందు వైద్యంలో లేదు. ఆ సీసాలకు పెట్టే డబ్బుతో పిల్లకు గుడ్లు, పండ్లు కొనిపెట్టండి. మీ ఉత్తరంలో నన్ను ఆలోచనలో పడేసిన మాట మార్కులు కాదు, ఆయాసం. పదిహేనేళ్ల పిల్లకు మెట్లెక్కితే ఆయాసం రాకూడదు.

ఈ వయసు ఆడపిల్లల్లో ఇలాంటి ఆయాసానికి నేను తరచూ చూసే కారణం రక్తహీనత. మీ ఊరికి దగ్గరలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో హిమోగ్లోబిన్ పరీక్ష ఉచితంగా చేస్తారు. 12 గ్రాముల కంటే తక్కువ ఉంటే రక్తహీనత ఉన్నట్టు. ఒంట్లో ఇనుము తగ్గిన పిల్లకు పుస్తకం ముందు కూర్చునే ఓపిక ఉండదు, కూర్చున్నా మనసు నిలవదు. దాన్ని మనం బద్ధకం అనుకుంటాం. మీ అమ్మాయి బద్ధకస్తురాలు కాదని ఉత్తరం చదివితేనే తెలుస్తోంది. నెలసరి ఎన్ని రోజులు ఉంటోంది, రక్తస్రావం ఎక్కువగా అవుతోందా అన్నది మీరే మెల్లగా అడగండి. ఏడు రోజులు దాటుతుంటే ఆ సంగతి డాక్టరుకు తప్పక చెప్పాలి.

బడిలో వారానికోసారి నీలం రంగు ఐరన్ మాత్ర ఇస్తారు. కడుపులో తిప్పుతుందని, విరేచనం నల్లగా అవుతుందని చాలామంది పిల్లలు దాన్ని చాటుగా పారేస్తుంటారు. కోప్పడకుండా అడగండి. నలుపు రంగు వల్ల ప్రమాదం లేదు, అన్నం తిన్నాక వేసుకుంటే వికారం తగ్గుతుంది. అయితే రక్తహీనత బయటపడితే ఆ వారం మాత్ర ఒక్కటే చాలదు, డాక్టరు చెప్పిన మోతాదులో కొన్ని నెలలు వాడాలి. మన వైపు చోడి అంబలి మంచిదే కానీ అందులో ఎక్కువగా ఉండేది కాల్షియం. ఇనుము కోసం తోటకూర, మునగాకు, చేపలు, వీలైతే మాంసం పెట్టండి. అన్నంలో నిమ్మకాయ పిండితే ఆ ఇనుము ఒంటికి బాగా పడుతుంది. తిన్న వెంటనే టీ తాగితే సరిగా పట్టదు.

తలనొప్పి సాయంత్రం పూట వస్తోందంటే కళ్లు కూడా చూపించాలి. బోర్డు మీది అక్షరాలు కనబడక పక్కపిల్ల పుస్తకంలో చూసి రాసుకునే పిల్లలు ఎందరో ఉన్నారు, ఇంట్లో చెప్పరు. ఇక నొప్పి మాత్రలు. దయచేసి ఈ రోజుతో ఆపండి. కవిటి, సోంపేట, కంచిలి, పలాస వైపు ఉద్దానంలో కిడ్నీ జబ్బుతో ఎన్ని కుటుంబాలు కుదేలయ్యాయో మన జిల్లాలో తెలియనివారు లేరు. దానికి మూలకారణం ఇదీ అని ఇప్పటికీ తేలలేదు. కానీ డాక్టరు చీటీ లేకుండా రోజూ మింగే నొప్పి మాత్రలు కిడ్నీలకు హాని చేస్తాయన్నది మాత్రం తేలిన విషయమే. పొద్దున లేవగానే తలనొప్పితో వాంతులైనా, వస్తువులు రెండుగా కనబడినా, స్పృహ తప్పినా ఒక్కరోజు కూడా ఆగకుండా పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి.

ఇప్పుడు చదువు సంగతి. పన్నెండింటికి పడుకుని నాలుగింటికి లేస్తే నాలుగు గంటల నిద్ర. పదమూడు నుంచి పద్దెనిమిదేళ్ల పిల్లలకు రోజుకు 8 నుంచి 10 గంటల నిద్ర కావాలి. మీ అమ్మాయికి అందులో సగం దక్కుతోంది. నాలుగింటికి లేచి చదివితే తలకెక్కుతుందని మన పెద్దలు చెప్పిన మాట తప్పు కాదు. కానీ వాళ్లు దీపాలు పెట్టాక అన్నం తిని ఎనిమిదింటికల్లా పడుకునేవారు. ట్యూషన్లకు వెళ్లి ఎనిమిదిన్నరకు ఇల్లు చేరే ఇప్పటి పిల్లలకు ఆ లెక్క కుదరదు. పైగా ఈ వయసులో ఒంట్లోని గడియారం కాస్త ఆలస్యంగా నడుస్తుంది, నిద్ర తొందరగా రాదు, తెల్లవారుజామున తొందరగా వదలదు.

పగలు చదివింది రాత్రి నిద్రలోనే మెదడులో కుదురుకుంటుంది. 1924లో అమెరికాలో జెంకిన్స్, డాలెన్‌బాక్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఇద్దరు విద్యార్థులకు అర్థం లేని అక్షరాల జాబితాలు ఇచ్చి బట్టీ పట్టించారు. పట్టాక కొన్ని గంటలు నిద్రపోయినప్పుడు తక్కువ మరచిపోయారు, అవే గంటలు మెలకువగా ఉన్నప్పుడు చాలా మరచిపోయారు. ఆ తర్వాత వందేళ్లలో ఈ విషయాన్ని ఎన్నో విధాలుగా పరీక్షించారు. నిద్ర తగ్గించుకుని చదవడమంటే నాటిన నారుకు నీళ్లు కట్టకుండా కొత్త మడి దున్నడమే. రాత్రి పదింటికి పడుకుని ఉదయం ఆరింటికి లేవనివ్వండి. ఉన్న సమయం తగ్గిపోతుంది కదా అని మీకు భయం వేస్తుందని తెలుసు. ఆ భయం తీరాలంటే ఆ గంటల్లో పిల్ల ఏం చేస్తోందో చూడాలి.

కిందటి ఏడాది ఫిబ్రవరిలో నా దగ్గరకు ఇలాగే ఒక పదో తరగతి అమ్మాయిని తీసుకొచ్చారు. సంచిలో జీవశాస్త్రం పుస్తకం ఉంటే తీసి చూశాను. పేజీ పేజీకీ పసుపు, ఆకుపచ్చ, గులాబీ రంగులు పూసి ఉన్నాయి, తెల్ల కాగితం కనబడటమే తక్కువ. గుండె పాఠం ఎన్నిసార్లు చదివావమ్మా అంటే ఎనిమిది సార్లండి అంది. పుస్తకం మూసి, మందుల చీటీ వెనక్కి తిప్పి, నా పెన్ను ఇచ్చి గుండె బొమ్మ వేయమన్నాను. గుండె ఆకారం వేసింది, నాలుగు గదులు గీసింది, కర్ణికలు, జఠరికలు పేర్లు రాసింది. ఊపిరితిత్తులకు రక్తం తీసుకెళ్లే పుపుస ధమని దగ్గరకు వచ్చేసరికి చేయి ఆగింది. ఒళ్లంతటికీ రక్తం పంపే బృహద్ధమని, పుపుస ధమని రెండింటినీ ఎడమ జఠరికలోంచే తీసింది. పుపుస ధమని రావాల్సింది కుడి జఠరికలోంచి. గీసిన తర్వాత ఆ గీత వైపే చూస్తూ, ఇది తప్పనిపిస్తోంది అని తనే అంది. అప్పుడు పుస్తకం ఇచ్చాను. ఈసారి పేజీ అంతా చదవలేదు, వేలు నేరుగా కుడి జఠరిక మీదికి వెళ్లింది. మళ్లీ మూసి మళ్లీ గీసింది. మొత్తం పది నిమిషాలు కూడా పట్టలేదు. మూడు వారాల తర్వాత మందుల కోసం వచ్చినప్పుడు నేను అడగకముందే చీటీ వెనక బొమ్మ వేసి చూపించింది. రెండు నాళాలూ ఎక్కడి నుంచి రావాలో అక్కడి నుంచే వచ్చాయి.

ఎనిమిది సార్లు చదివినా రానిది ఒక్కసారి పుస్తకం మూసి రాస్తే ఎందుకు వచ్చింది? 2006లో రోడిగర్, కార్పికీ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు కాలేజీ విద్యార్థులతో దీన్నే పరీక్షించారు. ఒక జట్టు పాఠాన్ని పదే పదే చదివింది, సగటున 14 సార్లు. ఇంకో జట్టు మూడు నాలుగు సార్లు చదివి, ఆ తర్వాత కాగితం పక్కన పెట్టి గుర్తున్నదంతా మూడు విడతలు రాసింది. అయిదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే పదే పదే చదివిన జట్టే ముందుంది. వారం తర్వాత పెడితే తలకిందులైంది. చదివిన జట్టుకు 40 శాతం గుర్తుంటే, మూసి రాసిన జట్టుకు 61 శాతం గుర్తుంది. ఇంట్లో అంతా వచ్చినట్టే ఉంటుందన్న మీ అమ్మాయి మాట అబద్ధం కాదమ్మా. పుస్తకం కళ్లముందు ఉన్నంతసేపు అది నిజంగానే వచ్చినట్టు ఉంటుంది. పరీక్షలో అడిగేది చూసి గుర్తుపట్టమని కాదు, లోపలి నుంచి తీసి రాయమని. ఆ తీయడం ఇంట్లో అలవాటు లేకపోతే పరీక్ష రోజున కొత్తగా రాదు.

కాబట్టి ఒక పాఠంలో రెండు పేజీలు శ్రద్ధగా చదవడం, పుస్తకం మూయడం, చిత్తుపుస్తకంలో గుర్తున్నది తన మాటల్లో రాయడం, తెరిచి చూసి తప్పినవి ఎర్ర పెన్నుతో దిద్దడం. ఇదే పద్ధతి. మొదటి వారం చాలా కష్టంగా ఉంటుంది, ఏమీ రావడం లేదని బాధపడుతుంది. ఆ కష్టమే చదువు అని చెప్పండి. గైడులో వాక్యాలు అప్పజెప్పకుండా తన మాటల్లో రాయడం ముఖ్యం. పిల్లలు చదివే పుస్తకాల భాష జనం మాట్లాడే భాషకు దగ్గరగా ఉండాలని జీవితమంతా పోరాడిన గిడుగు రామమూర్తి గారు 1863లో పుట్టింది మన శ్రీముఖలింగం దగ్గరి పర్వతాలపేటలోనే. సొంత మాటల్లో చెప్పగలిగిన పిల్ల ఆ పాఠాన్ని అర్థం చేసుకున్నట్టు. పరీక్షకు కావలసిన శాస్త్రపదాలను ఆ తర్వాత చేర్చుకోవచ్చు.

రెండో సంగతి, ఒక్క రోజులో ఒక పాఠం పూర్తిచేసి మళ్లీ మార్చి దాకా ముట్టకపోవడం పొరపాటు. జర్మనీకి చెందిన ఎబ్బింగ్‌హాస్ తన మీద తానే ప్రయోగాలు చేసుకుని 1885లో ప్రకటించిన లెక్కల ప్రకారం, మరపు చాలావరకు మొదటి రోజే జరుగుతుంది, ఆ తర్వాత మెల్లగా సాగుతుంది. అందుకే ఈ రోజు చదివింది రేపు ఒకసారి, నాలుగు రోజులకు ఒకసారి, రెండు వారాలకు ఒకసారి పుస్తకం మూసి గుర్తు చేసుకోవాలి. ఒక్కోసారికి పది నిమిషాలు చాలు. బడికి ఆటోలో వెళ్లే సమయం దీనికి బాగా పనికొస్తుంది, పుస్తకం అక్కర్లేదు, నిన్నటి పాఠం మనసులో చెప్పుకుంటే చాలు. లెక్కలు కూడా ఒకే అధ్యాయంలోవి ఇరవై వరుసగా చేయకుండా, త్రికోణమితివి రెండు, శ్రేఢులవి రెండు, సంభావ్యతవి రెండు కలిపి చేయమనండి. ప్రశ్నపత్రంలో ఇది ఏ అధ్యాయంలోదో ఎవరూ చెప్పరు కదా.

ఫోను చదివే గదిలో ఉండకూడదు. ఇంతకంటే దాని గురించి చెప్పను.

చెప్పేవాళ్లు లేరని రాశారు. ఏడో తరగతి చదివిన తల్లి ఇందులో చేయగలిగినది చాలా ఉంది. పాఠం మీకు అర్థం కానక్కర్లేదు. రాత్రి అన్నం తిన్నాక పుస్తకం మీ ఒళ్లో పెట్టుకోండి. పేజీలో లావు అక్షరాలతో ఉన్న శీర్షిక చదవండి, దీని గురించి చెప్పమ్మా అనండి. పిల్ల చెబుతుంటే మీరు అక్షరాల వెంట వేలు పెట్టి వినండి. ఎక్కడైనా ఆగితే వెంటనే అందించకండి, కాసేపు ఆలోచించుకోనివ్వండి. నాకు అర్థం కాలేదు, మళ్లీ చెప్పు అని మీరు నిజంగా అడిగితే ఇంకా మంచిది. మీకు అర్థమయ్యేలా చెప్పడానికి తను పాఠాన్ని విడదీసి చూసుకోవాలి. డబ్బు తీసుకునే ట్యూషన్లలో ఒక్కో పిల్లను ఇలా కూర్చోబెట్టి వినేవాళ్లు తక్కువ. ఇరవై నిమిషాలు చాలు, అది కూడా తిట్టకుండా.

చివరగా ఏడుపు గురించి. పరీక్షలంటే పిల్లలకు కొంత బెదురు మామూలే. కానీ రోజూ ఏడుస్తున్నా, తిండి మానేసినా, తను ఎందుకూ పనికిరానని అంటున్నా దాన్ని చదువు బెంగ అని వదిలేయకండి. 14416 నంబరుకు ఫోన్ చేయండి. అది మనసు బాధలకు ఫోన్‌లో సలహా ఇచ్చే ప్రభుత్వ టెలీమానస్ సేవ, రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు, ఖర్చు లేదు. మీరైనా చేయవచ్చు, పిల్ల అయినా చేయవచ్చు. చెన్నైలో ఉన్న నాన్నగారిని ఫోన్‌లో మార్కులు ఎన్ని అని మొదట అడగవద్దని చెప్పండి. అన్నం తిన్నావా, నిద్రపోయావా అని అడిగితే ఆ పిల్లకు ఎంత ధైర్యమో.

రక్త పరీక్ష, కంటి పరీక్ష ఈ వారంలోనే చేయించండి. ఆ కాగితాల్లోని అంకెలు, నెలసరి వివరం మళ్లీ రాసి పంపండి, మాత్రల సంగతి అప్పుడు చెబుతాను. ఈ రాత్రికి మాత్రం పదింటికి లైటు ఆపేయండి.