ఉత్తర ఆఫ్రికా ఎడారి పోరు రెండవ ప్రపంచ యుద్ధ ఫలితాన్ని ఎలా ప్రభావితం చేసింది?

ఈ పోరును తేల్చింది ప్రధానంగా ఇంధనమే. జర్మన్ సేనాని రోమెల్ సేనలకు పెట్రోలు ఇటలీ నుంచి మధ్యధరా సముద్రం దాటి, ఆపై లిబియా రేవుల నుంచి వందల కిలోమీటర్ల ఎడారి దారిలో లారీలపై చేరవలసి ఉండగా, మాల్టా దీవి స్థావరంగా బ్రిటిష్ విమానాలు, జలాంతర్గాములు ఆ ఓడలను ముంచుతూ వచ్చాయి. 1942 అక్టోబరు 23న ఈజిప్టులోని ఎల్ అలమీన్ వద్ద బ్రిటిష్ సేనాని మాంట్‌గోమరీ మొదలుపెట్టిన దాడితో రోమెల్ వెనుదిరిగాడు. సూయజ్ కాలువకు ముప్పు తప్పింది. నవంబరు 8న అమెరికా, బ్రిటన్ల మిత్రసేనలు మొరాకో, అల్జీరియాలలో దిగినా, హిట్లర్ వెనక్కి తగ్గక ట్యునీషియాకు కొత్త బలగాలను పంపాడు. నా దృష్టిలో అసలు నష్టం అక్కడే జరిగింది: 1943 మేలో రెండు లక్షలకు పైగా జర్మన్, ఇటాలియన్ సైనికులు బందీలయ్యారు. జూలైలో ఇటలీ దీవి సిసిలీపై దాడి జరగగా, అదే నెలలో ఇటలీ నియంత ముస్సోలినీ పదవి కోల్పోయాడు. అయితే జర్మన్ సైన్యంలో అత్యధిక భాగం నశించింది మాత్రం సోవియట్ రంగంలోనే.