అర్ధరూపాయి పాపం

ప్రశ్న: డాక్టరుగారూ, నా వయసు 37. తణుకులో ఉంటాం, బ్యాంకులో పనిచేస్తాను. నాకు ఎనిమిదేళ్ళప్పుడు తాతయ్య పోయారు. ఆ పది రోజులూ ఇంట్లో గరుడ పురాణం చదివించారు. పిల్లల్ని అవతలికి పంపాలని ఎవరికీ తోచలేదు. నూనె కాగే కుంభీపాకం, కత్తుల్లాంటి ఆకుల అడవి, చీమూ నెత్తురూ పారే వైతరణి, అన్నీ విన్నాను. ఇప్పటికీ గారెలు వేసేటప్పుడు మూకుడు దగ్గర నిలబడలేను, మావారే వేస్తారు. కాలికి కాగితం తగిలితే మూడుసార్లు కళ్ళకద్దుకోవాలి, లెక్క తప్పితే మళ్ళీ మొదటినుంచి. బ్యాంకులో కాగితాలకేం కొదవ! ఒకరోజు దీపం పెట్టడం మరిచిపోయాను. ఆ రాత్రే పాపకి జ్వరం వచ్చింది. నావల్లేనని తెల్లవార్లూ ఏడ్చాను.

ఇప్పుడు బెంగ పాప గురించి. ఏడేళ్ళు. ఆదివారం శ్లోకాల క్లాసుకి వెళ్తుంది. అబద్ధాలాడితే యమభటులు నాలుక పీకేస్తారని అక్కడ టీచర్ చెప్పారట. హోంవర్కు చేసేశానని ఇది అంతకుముందే ఓ అబద్ధం ఆడి ఉంది. నెల రోజులుగా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని పడుకుంటోంది. మా అత్తయ్యగారేమో "భయం లేకపోతే భక్తి ఎక్కడిది?" అంటారు. క్లాసు మాన్పించెయ్యనా? (చిన్నప్పుడు దేవుడి డబ్బాలోంచి అర్ధరూపాయి తీసి నిమ్మతొనలు కొనుక్కున్నాను. రాయాలో వద్దో తెలియక చివర్లో రాస్తున్నాను.)
– పేరు వద్దు, తణుకు

జవాబు: ముందు పాప సంగతి చూద్దామమ్మా. మీది ఇరవై తొమ్మిదేళ్ళు ఆగింది, ఇంకో ఐదు పేరాలు ఆగుతుంది.

"నాలుక పీకేస్తారు" అని మనం మాటవరసకి అంటాం. ఏడేళ్ళ పిల్ల దాన్ని రేపటి వర్షం కబురు విన్నట్టు వింటుంది. స్విట్జర్లాండ్ మనస్తత్వవేత్త పియాజే పిల్లల్ని అడిగిన కథ ఒకటుంది, 1932లో అచ్చయింది. ఆపిల్ పళ్ళు దొంగిలించిన పిల్లాడు పారిపోతుంటే పుచ్చిన చెక్క వంతెన విరిగి నీళ్ళలో పడ్డాడు. దొంగతనం చెయ్యకపోతే అది విరిగేదా? ఆరేళ్ళ పిల్లల్లో ఎక్కువమంది విరిగేది కాదన్నారు. దొంగ ఎవరో వంతెనకి తెలుసన్నమాట! మామూలుగా వయసుతోపాటు ఈ నమ్మకం సడలిపోతుంది. భయంతో గట్టిగా కుట్టేస్తే సడలదు. మీ దీపం, పాప జ్వరం లెక్క అదే.

నేనూ భయపడినదాన్నే. తూనీగల తోకకి దారం కట్టి ఎగరేసేదాన్ని. పక్కింటి మామ్మగారు "యమలోకంలో నిన్నూ ఇలాగే కట్టేస్తారే" అంది. రెండు రోజులు అన్నం సయించలేదు. మా నాన్నగారు తెలుగు మాస్టారు, సంగతి కనిపెట్టి మహాభారతం ఆదిపర్వంలో మాండవ్యుడి కథ చెప్పారు. చెయ్యని దొంగతనానికి రాజు ఆ మునికి కొరత వేయించాడు, అంటే శూలానికి గుచ్చించాడు. ఏ పాపానికిదని ముని వెళ్ళి యముణ్ణే నిలదీశాడు. చిన్నప్పుడు రెక్కల పురుగుల తోకలకి గడ్డిపుల్లలు గుచ్చావు, అందుకని యముడు. "ఊహ తెలియని పిల్లాడి పనికి ఇంత శిక్షా?" అని ముని యముణ్ణే శపించాడు, ఆయనే విదురుడై పుట్టాడు. ఇకమీదట పద్నాలుగేళ్ళ లోపు చేసింది పాపం కాదని ముని హద్దు కూడా పెట్టాడు. నాన్నగారు ఆ మాట చెప్పాక నేను రెండుసార్లు పెరుగన్నం పెట్టించుకున్నాను.

ఆ కథ పాపకి చెప్పండి. అంతకంటే ముందు, కళ్ళు మూసుకుంటే తనకేం కనిపిస్తోందో అడిగి పూర్తిగా వినండి, మధ్యలో "ఛ, అలాంటివేం లేవు" అనొద్దు. హోంవర్కు అబద్ధం స్కూలు టీచర్‌తో చెప్పించి అక్కడితో ముగించండి. కథ ఒక్కసారి చాలు. రోజూ రాత్రి "నాకేం కాదు కదమ్మా" అని అడిగించుకుని రోజూ "కాదు" అంటూ పోతే ఆ అడగడమే అలవాటవుతుంది.

శ్లోకాల టీచర్‌తో పాప లేకుండా మాట్లాడండి. బహుశా ఆమెకీ ఎవరో అలాగే నేర్పి ఉంటారు. మారకపోతే మాన్పించండి, శ్లోకాలు ఇంట్లో అత్తయ్యగారు చెబుతారు. ఆవిడతో వాదన పెట్టుకోకండి. మన భాషలో భయభక్తులు జంటమాట, ఆవిడ కొత్తగా కల్పించిందేం కాదు. కాకపోతే పాప చేతిని ఒక రాత్రి ఆవిడకి చూపించండి.

ఇది ఒక్క మతం గొడవ కాదు. బడినుంచి ఇంటికొచ్చి, ఎవరూ కనబడకపోతే "అందరూ ఎత్తబడ్డారు, నన్ను వదిలేశారు" అని వీధిలోకి పరిగెత్తేదాన్నని ఒక క్రైస్తవ అమ్మాయి నాతో చెప్పింది. క్రీస్తు మళ్ళీ వచ్చినప్పుడు నమ్మినవాళ్ళని ఆకాశంలోకి ఎత్తుకుపోతాడని ఆమెకి నేర్పారు. ఆమెకి ఇప్పుడు నలభై దాటాయి. ఖాళీ ఇల్లంటే ఇంకా గుండె దడే.

ఇక మీరు. భాగవతం పంచమ స్కంధంలో 28 నరకాలున్నాయి. అందులో కుంభీపాకం, పశుపక్ష్యాదుల్ని బతికుండగానే వండుకునేవాళ్ళకి. మీ అర్ధరూపాయికి అక్కడ చోటు లేదు. ఇది చదివి మీకు ఒక పూట ఊరట, రేపటికి మనసు మిగతా 27లో వెతుకుతుంది! అందుకే మీకు కథలు చాలవు. దణ్ణం పెట్టుకున్నాక మనసు తేలికపడితే అది భక్తి. మూడు లెక్క తప్పిందని మళ్ళీ మొదలెట్టడం వేరు, అది ఓసీడీలా, అంటే వద్దనుకున్నా భయాలు వచ్చి చేసిందే మళ్ళీ మళ్ళీ చేయించే జబ్బులా కనిపిస్తోంది. ఇలాంటివి రోజుకు గంటకి మించి తింటున్నాయేమో చూసుకుని సైకియాట్రిస్టుని కలవండి. మందులున్నాయి. మందుల్లేని పద్ధతీ ఉంది: కాగితం కాలికి తగిలినా కళ్ళకద్దుకోకుండా కూర్చోవడం. టెన్షన్ పెరుగుతుంది, కాసేపటికి దానంతటదే దిగుతుంది. తేలికవాటితో మొదలుపెట్టి మూకుడుదాకా మెల్లగా తీసుకెళ్తారు. సొంతంగా కాదు, నేర్పేవాళ్ళ దగ్గరే చెయ్యండి. దగ్గర్లో ఎవరున్నారో తెలియకపోతే మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం పెట్టిన హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కి ఫోన్ చెయ్యండి. డబ్బు తీసుకోరు, తెలుగులో మాట్లాడతారు.

ఒకటి గమనించండి, పాప పుస్తకం తొక్కినప్పుడు ఎన్నిసార్లు కళ్ళకద్దుకుంటోందో. డాక్టరు దగ్గర మాత్రం ఆ నిమ్మతొనల సంగతి మొదటే చెప్పండి, బ్రాకెట్లో కాదు.