తెల్ల చట్రం కొనేముందు కొలత టేపు తీయండి

ప్రశ్న: మేం న్యూజెర్సీలో ఉంటాం. ఇక్కడి ఓ గ్యాలరీ అమెరికన్ కళాకారుడు సోల్ లెవిట్ గోడ శిల్పాన్ని అమ్మకానికి పెట్టింది. తెల్ల ఎనామెల్ వేసిన అల్యూమినియం గళ్ల చట్రం. ఆయన పనికి సర్టిఫికెట్టే ప్రాణమంటారు. దీనికి అది లేదు, పాత ఇన్‌వాయిస్ మాత్రం ఉంది. కొనవచ్చా?

జవాబు: ఆ మాట ఆయన 1968లో మొదలుపెట్టిన గోడ చిత్రాలకు వర్తిస్తుంది. వాటిని కొన్నవారికి దక్కేది సర్టిఫికెట్, గీసే పద్ధతి చెప్పే డయాగ్రం. గోడకు మళ్లీ పెయింట్ కొట్టేసినా వాటితో ఇంకో గోడ మీద గీయించుకోవచ్చు. మీరు చూసింది వస్తువు. శిల్పం అనడం ఇష్టంలేక లెవిట్ వీటిని 'స్ట్రక్చర్' అనేవారు. తయారుచేసింది వర్క్‌షాప్ పనివాళ్లు కాబట్టి, చేతిముద్ర చూసి ఆయనదని పోల్చుకోవడం కుదరదు. అందుకే ఇన్‌వాయిస్ విలువైనదే. అందులోని పేరు, సంవత్సరం, కొలతలు వస్తువుతో సరిపోవాలి. అప్పటినుంచి ఇప్పటిదాకా ఎవరి చేతులు మారిందో ఒక్క లంకె కూడా తెగకుండా రాసివ్వమనండి. దొంగసొత్తు కాదని ఆర్ట్ లాస్ రిజిస్టర్‌లో (చోరీ అయిన కళావస్తువుల జాబితా) వెతికించండి. లెవిట్ మరణానంతరం ఆయన పనుల బాధ్యత చూసే లెవిట్ ఎస్టేట్‌కు, ఇది ఆయనదేనా అని అడుగుతూ ఉత్తరం గ్యాలరీ చేతే రాయించండి. తటపటాయిస్తే అక్కడే ఆగిపోండి.

తర్వాత టేపు తీయండి. 1960ల మధ్యలో ఆయన కడ్డీ మందానికీ ఖాళీకీ 1:8.5 నిష్పత్తి ఖాయం చేసుకున్నారు. కడ్డీ అంగుళం ఉంటే గడి లోపలి ఖాళీ ఎనిమిదిన్నర. అడ్డంగా మూడు గళ్లుంటే కడ్డీలు నాలుగు: 4 + 25.5, మొత్తం 29.5 అంగుళాలు. అన్ని స్ట్రక్చర్లూ ఈ లెక్కలో ఉండవు, కాబట్టి తేడా వచ్చినంత మాత్రాన నకిలీ అనలేం. కానీ రికార్డులోని కొలతకూ టేపుకూ తేడా వస్తే మాత్రం సమాధానం రాబట్టాలి.

అసలు ధర పడగొట్టేది రంగు. మూలలు తగిలి పెచ్చులూడతాయి, అక్కడ ఎవరో బ్రష్‌తో తెల్లరంగు అద్దుతారు. గది చీకటి చేసి అల్ట్రావయొలెట్ టార్చి వేస్తే అద్దిన చోటు చాలాసార్లు వేరే ఛాయలో బయటపడుతుంది. పక్కనుంచి ఏటవాలుగా లైటు పెడితే బ్రష్ గీతలు, సొట్టలు తెలుస్తాయి. అంచులు నిక్కచ్చిగా ఉండటమే ఈ పనికి అందం. మందంగా మళ్లీ పూసిన రంగు వాటిని మొద్దుబారుస్తుంది. పెచ్చులున్నా సరే, ఎస్టేట్‌ను అడగకుండా మళ్లీ పెయింట్ చేయించకండి.

ప్రశ్న: డ్రైవాల్‌కు (జిప్సం బోర్డు గోడకు) తగిలించవచ్చా?

జవాబు: వట్టి బోర్డుకు వద్దు. గోడ లోపలి నిలువు స్తంభాలు, అంటే స్టడ్‌లు, సాధారణంగా 16 అంగుళాలకొకటి ఉంటాయి. అవి చట్రం బిగింపు రంధ్రాలకు ఎదురుగా రాకపోవచ్చు. ముందు గోడకు ప్లైవుడ్ పలక స్టడ్‌లలోకి బిగించి, పైన బోర్డు వేసి, దానికి తగిలించండి. లేజర్ లెవెల్ తప్పనిసరి. గళ్ల చట్రం కాస్త వాలినా కంటికి కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. నైట్రైల్ గ్లవుజులు లేకుండా ముట్టుకోవద్దు, చేతి జిడ్డు తెల్లరంగు మీద మరకై నిలుస్తుంది. దుమ్ముకు మెత్తని పొడి బ్రష్ చాలు, గాజు తుడిచే స్ప్రేలు దగ్గరికి రానీయకండి.