ఫోన్ లేకపోతే ముద్ద దిగడం లేదు

ప్రశ్న: మా బాబుకి మూడున్నరేళ్లు. ఫోన్‌లో పాటలు పెడితే తప్ప అన్నం తినడు. నేనూ మావారూ ఉద్యోగాలకు వెళ్తాం, పగలంతా మా అత్తగారే చూసుకుంటారు. ఆవిడకి మోకాళ్ల నొప్పులు, వాడి వెనక తిరగలేక టీవీ పెట్టేస్తారు. ఇంటినిండా బొమ్మలున్నా దేనితోనూ కాసేపు ఆడడు. ఫోన్ లాక్కుంటే కిందపడి దొర్లుతాడు. చాలా టెన్షన్‌గా ఉంది.
- ఒక తల్లి, కూకట్‌పల్లి

జవాబు: ముందుగా, మీ అత్తగారిని ఏమీ అనకండమ్మా. ఆ నొప్పులతో అంత చిన్నపిల్లాణ్ని పగలంతా చూసుకోవడమే పెద్ద పని. ఆవిడ కూర్చున్నచోటి నుంచే ఆడించగలిగే ఆటలు కావాలి మీకు.

2 నుంచి 4 ఏళ్ల పిల్లలకు స్క్రీన్ రోజుకు గంట దాటకూడదని, ఎంత తగ్గితే అంత మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. ఈ మాట అందరికీ గుర్తుంటుంది. మూడు నాలుగేళ్ల వాళ్లు రోజు మొత్తంలో కనీసం 3 గంటలు ఒళ్లు కదిలించాలని, అందులో ఒక గంట బాగా పరుగులు, గెంతులు ఉండాలని కూడా అదే చోట చెప్పింది, అది మాత్రం ఎవరూ పట్టించుకోరు.

మీరు అన్నం దగ్గరే మొదలుపెట్టండి. ఫోన్ చూస్తూ తినే పిల్లాడికి ఆకలి వేసిందో, కడుపు నిండిందో తెలియదు, నోరు తెరుస్తాడంతే. చిన్న కంచంలో కొంచెం పెట్టి మీ పక్కనే కూర్చోబెట్టుకోండి, కింద పోసుకున్నా ఫర్వాలేదు, వాడి చేత్తోనే తిననివ్వండి. ఆరోగ్యంగా ఉన్న పిల్లాడు ఒక పూట తక్కువ తింటే ఏమీ కాదు, మధ్యలో పాలు, బిస్కెట్లు ఇచ్చి ఆకలి చంపకపోతే తర్వాతి పూట తనే తింటాడు. మొదట్లో గొడవ ఇంకా పెరుగుతుంది. అప్పుడు మెత్తబడి ఫోన్ ఇచ్చారో, ఎంతసేపు ఏడిస్తే అది చేతికొస్తుందో వాడికి అర్థమైపోతుంది. ఇంట్లో అందరూ ఒకే మాట మీద ఉండాలి, మీవారితో సహా, అదీ అన్నం తినేటప్పుడు ఆయన ఫోన్ కూడా పక్కన పెట్టి.

ఇక బొమ్మలు. బటన్ నొక్కితే అదే పాడి, అదే తిరిగే బొమ్మతో పిల్లాడు చేయడానికి ఏముంటుంది చెప్పండి? నాలుగైదు బయట ఉంచి మిగతావి అటకెక్కించండి. ఖాళీ అట్టపెట్టె, పాత చీర, స్టీలు గిన్నెలు, గరిటెలు, కాస్త చపాతీ పిండి ఇవ్వండి. ఏటికొప్పాక లక్కపిడతలు దొరికితే కొనండి, మగపిల్లాడికెందుకు అనుకోవద్దు. నానమ్మ మంచం మీద కూర్చుని "నాకు కాఫీ పెట్టివ్వు నాన్నా" అంటే చాలు, ఆ తర్వాత కథంతా వాడే నడుపుతాడు. చిక్కుడుకాయల ఈనెలు తీయడం కూడా ఈ వయసుకు ఆటే. గోళీలు, చింతగింజల్లాంటివి మాత్రం అందనివ్వకండి, ముక్కులో పెట్టుకుంటారు. "ఏం తోచట్లేదు" అని మీ చుట్టూ తిరిగితే వెంటనే ఏదో ఒకటి చేతిలో పెట్టకుండా కాసేపు వదిలేయండి, ఆ తోచకపోవడంలోంచే కొత్త ఆటలు పుడతాయి.

సాయంత్రం వెలుతురు ఉండగానే కిందికి తీసుకెళ్లి పరిగెత్తనివ్వండి, పగటి వెలుతురులో ఎక్కువసేపు ఆడే పిల్లల్లో దూరం మసగ్గా కనిపించే సమస్య తక్కువ. నిద్రకు గంట ముందే టీవీ, ఫోన్ కట్టేయాలి.

బాబు మాటల గురించి మీరేమీ రాయలేదు. ఈ వయసుకు చిన్న చిన్న వాక్యాలు మాట్లాడాలి, పేరు పెట్టి పిలిస్తే పలకాలి. అలా లేకపోతే అదంతా ఫోన్ వల్లేనని ఊరుకోకుండా పిల్లల డాక్టరుకు చూపించి, వినికిడి పరీక్ష కూడా చేయించండి.